బోటు పదిహేడు ఎక్కడుంది

పేరు అడిగితే ఎవరైనా టక్కున చెబుతారు. ఎక్కడున్నావని అడిగితేనే నసుగుతారు. ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది. ఇప్పుడు మీ ఆఫీసుల్లో, కాలేజీల్లో వైఫై పెట్టెలు పెట్టుకుంటున్నారు. ఏదో ఒక దొంగ పెట్టె అసలు పెట్టె పేరే తగిలించుకుని పక్కగదిలో కూర్చుంటుందట. దాన్ని పట్టుకోవడానికి పెద్ద పెద్ద కోర్సులున్నాయట. మా మేనకోడలు ఆ కోర్సే చదువుతూ నాకు వివరించబోతే నవ్వొచ్చింది. "ఒసే పిల్లా, దానికి అంత చదువెందుకే? నువ్వెవరని అడక్కు. అది ఉండాల్సిన చోట ఉందో లేదో వెళ్ళి చూడు" అన్నాను. అది కళ్ళు పెద్దవి చేసి, "అత్తా, మా పుస్తకంలోనూ అదే రాశారు" అంది. రాయక ఏం చేస్తారు?

నాది వైర్‌లెస్ నిఘా ఉద్యోగం. తొంభైల మొదట్లో చేరాను. రోజూ గుణదల నుంచి సిటీ బస్సులో ఆఫీసుకి వెళ్ళి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, గాలిలో ఎవరు ఏం మాట్లాడుతున్నారో వినడం నా పని. ఆడపిల్లకి ఇదేం ఉద్యోగం అని మా చర్చిలో పెద్దవాళ్ళు అడిగేవారు. ఊళ్ళోవాళ్ళ మాటలు వినడానికి జీతం కూడా ఇస్తున్నారండీ, మీకు ఉత్తినే వినాల్సి వస్తోంది అనేదాన్ని. నా నోరు అలాంటిది. దానివల్ల రెండు ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి, అది వేరే కథ.

వైర్‌లెస్‌లో ప్రతి సెట్టుకీ ఒక పేరో నంబరో ఇస్తారు. ఆ పేరుతో ఎవరు మాట్లాడినా అవతలివాళ్ళు నమ్మాల్సిందే, మొహం కనిపించదు కదా. ఒకసారి భవానీపురంలో ఒక టాక్సీల యజమాని ఆసుపత్రి అంబులెన్సు పేరు పెట్టుకుని నెలల తరబడి మాట్లాడుకున్నాడు. మా దగ్గర ఒక వ్యాను ఉండేది. దాని నెత్తిన గుండ్రటి ఏరియల్. దాన్ని చేత్తో తిప్పుతుంటే ఒక దిక్కుకి రాగానే గొంతు సన్నగిల్లి ఆగిపోయేది. ఆ దిక్కుని బట్టి మ్యాపు మీద గీత గీస్తే, మాట్లాడే సెట్టు ఆ గీత మీదే ఎక్కడో ఉన్నట్టు. వేరే చోటు నుంచి ఇంకో గీత గీస్తే రెండూ కలిసిన చోట దొంగ దొరికేవాడు. ఆ భవానీపురం వాడు దొరికినప్పుడు ఏమీ ఎరగనట్టు మాకు నిమ్మకాయ సోడాలు ఇప్పించాడు. మేమూ ఏమీ ఎరగనట్టు తాగేసి, ఆ తర్వాత సెట్టు పట్టుకుపోయాం.

ఇలాంటి దొంగల్ని చూసి నవ్వుకున్న రోజులే ఎక్కువ. నవ్వు రాని రోజు ఒకటే ఉంది. అది రెండు వేలు దాటిన తొలి సంవత్సరాల్లో, బందరు వైపు సముద్రం ఒడ్డున.

అప్పట్లో మర పడవలకు వైర్‌లెస్ సెట్లు ఇచ్చే పథకం ఒకటి పెట్టారు. రేవులో ఒక చిన్న గది కట్టి, పెద్ద ఏరియల్ నిలబెట్టి, సముద్రంలో ఉన్న బోట్లన్నిటితో మాట్లాడటానికి ఒక ఆపరేటర్ని పెట్టారు. ఆయన ఆ ఊరి మనిషే. వయసులో ఉండగా సరంగుగా బోట్లు నడిపి, నడుం దెబ్బతిని ఒడ్డున పడ్డాడు. రోజూ మధ్యాహ్నం ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి బోట్లని పిలిచేవాడు. బోటువాళ్ళు "హాజరు, అందరం బాగున్నాం" అనాలి. గది బయట ఒక లౌడ్‌స్పీకరు ఉండేది. ఆ వేళకి ఆడవాళ్ళు ఎండు చేపలు తిరగేసే పని ఆపి అక్కడికొచ్చి, తమ మనుషుల బోటు పలికాక మళ్ళీ పనిలోకి వెళ్ళేవాళ్ళు.

ఈ పథకం చూసే పెద్ద సారు విజయవాడలో కూర్చునేవారు. సముద్రాన్ని ఆయన క్యాలెండర్లో తప్ప చూసినట్టు లేరు. బోట్లవాళ్ళు సెట్లు సరిగా వాడటం లేదని ఎవరో చెబితే, ఆయన ఒక రూలు పెట్టారు. వరసగా మూడు రోజులు హాజరు పలకని బోటు నుంచి సెట్టు వెనక్కి తీసుకోవాలి. రూలు పెట్టిన వారం తిరక్కుండానే అందరూ హాజరే. ఒక్క బోటు తప్పితే ఒట్టు. సారు ఉబ్బితబ్బిబ్బై, ఈ పథకం ఎంత గొప్పగా నడుస్తోందో చూసి నివేదిక రాసుకురమ్మని నన్నూ, మా టెక్నీషియన్నీ వ్యానిచ్చి పంపించారు.

మా టెక్నీషియన్ గుంటూరు వైపు మనిషి. ఏ ముప్పు వచ్చినా "ఏం కాదు మేడమ్" అనేవాడు. వ్యాను కాలవలో పడబోతున్నా అదే మాట.

మేం వెళ్ళిన రోజు ఆపరేటర్ గారింట్లోనే భోజనం. ఆయన భార్య చందువ చేప పులుసు పెట్టి, నేను ముళ్ళు ఏరుకోవడం చేతకాక తంటాలు పడుతుంటే జాలిపడి తనే తీసి పెట్టింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి పెళ్ళయి పక్క ఊళ్ళో, సముద్రానికి ఎడంగా సరుగుడు తోటల వెనక వేరే కాపురం. చిన్నవాడు పదిహేడో నంబరు బోటుకి సరంగు, నాలుగు రోజుల కిందట ఇంకో ఐదుగురితో వేటకి పోయాడు. అన్నదమ్ములిద్దరిదీ ఆ బోటు.

"మీకు బోట్లవాళ్ళ గొంతులన్నీ తెలుసా అండీ?" అని అడిగాను.

"తెలవకపోవటమేంటమ్మా! అందరూ నా చేతుల్లో పెరిగినోళ్ళే. దగ్గినా చెబుతాను, ఎవడో" అన్నాడాయన.

నేను ఆ మాటకి మురిసిపోయాను.

మర్నాడు పొద్దుటికే ఆకాశం రంగు మారింది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందనీ, వేటకు వెళ్ళినవాళ్ళు వెంటనే ఒడ్డుకి రావాలనీ రేడియోలో చెప్పారు. గస్తీ ఓడ ఒకటి దగ్గర్లోనే ఉందనీ, ఏ బోటయినా పలక్కపోతే చెబితే వెతుకుతుందనీ, ఏమీ లేకపోతే ఉత్తరాన ఇంకో రేవుకి వెళ్ళిపోతుందనీ కబురొచ్చింది. రేవంతా ఆ గది చుట్టూ చేరింది. నేను వ్యానులో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సెట్లు ఎంత స్పష్టంగా పలుకుతున్నాయో రాసుకోవడమే నా పని.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆగకుండా పొద్దున్నే ఆపరేటర్ గారు ఒక్కో నంబరూ పిలుస్తున్నారు. ఒక్కో బోటూ పలుకుతోంది. ఒకటి వచ్చేశామంది, ఒకటి సగం దారిలో ఉన్నామంది. పదిహేడు వంతు వచ్చింది.

"పదిహేడు హాజరు. అందరం బాగున్నాం."

"ఎక్కడున్నార్రా?" అని అడుగుతుంటే ఆయన గొంతు కాస్త తండ్రి గొంతయింది.

"అంతర్వేది ఎదురుగా ఉన్నాం నాన్నా. బయల్దేరి వచ్చేత్తన్నాం. సాయంత్రానికల్లా రేవులో ఉంటాం."

బయట ఆడవాళ్ళు హమ్మయ్య అనుకోవడం వినిపించింది. చివరి బోటు దాకా అందరూ పలికారు. ఆపరేటర్ గారు ఓడకి కబురు పెట్టేశారు, మా రేవు బోట్లన్నీ క్షేమం, వెతకాల్సిన పని లేదు అని.

నేను మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. పదిహేడో బోటు మాట్లాడుతున్నప్పుడు వెనకాల కోడిపెట్ట అరిచింది.

"కూరకి తీసుకెళ్ళుంటారు మేడమ్, ఏం కాదు" అన్నాడు టెక్నీషియన్.

"ఐదు రోజులయిందయ్యా వెళ్ళి! ఇంకా బతికుందా ఆ కోడి? పైగా ఇంజను చప్పుడేది? కొన్ని బోట్లు పలుకుతుంటే వెనక డీజిల్ ఇంజను దడదడలాడుతోంది. అంతర్వేది ఎదురుగా అంటే ఎంత దూరం? అంత దూరం నుంచి గొంతు చెవి పక్కన నిలబడి అరిచినట్టు రావాలా?" అన్నాను.

పిలుపు సాగుతున్నంతసేపూ నా చెయ్యి అలవాటు కొద్దీ ఏరియల్ తిప్పుతూనే ఉంది. పదిహేడు గొంతు ఆగిన దిక్కు నాకు గుర్తుంది. మ్యాపు మీద గీత గీశాం. గీత ఒక కొస ఈశాన్యంగా సముద్రంలోకి, అంతర్వేది వైపే వెళ్ళింది. టెక్నీషియన్ మొహం వెలిగిపోయింది. చూశారా మేడమ్, చెప్పిన చోటే ఉన్నారు అన్నాడు. నేను గీత రెండో కొస చూస్తున్నాను. అది నైరుతిగా నేల మీదికి, సరుగుడు తోటల మీదుగా పోతోంది. ఆ గుండ్రటి ఏరియల్‌తో వచ్చిన చిక్కే అది. సెట్టు ఈ గీత మీద ఉందని చెబుతుంది గానీ, ముందుందో వెనకుందో దానికి తెలీదు.

"వ్యాను తియ్యమను" అన్నాను.

"ఎక్కడికి మేడమ్, ఈ గాలిలో?"

"ఇంకో గీత గీసే చోటికి. పద."

పంట కాలవ గట్టు మీద పడి దక్షిణంగా వెళ్ళాం. గాలికి వ్యాను ఊగిపోతోంది. రోడ్డు పక్కన వరి కంకుల మీదుండి పడుకోవడానికి సిద్ధంగా ఉంది. రైతులు వలలు విప్పినట్టు గోనె సంచులు విదిలించుకుంటూ కళ్ళాల వైపు పరుగెత్తుతున్నారు. గట్టు మలుపులో వ్యాను ఆపి, మా సెట్టు మీద ఆపరేటర్ గారిని పిలిచాను. పదిహేడుని ఇంకోసారి మాట్లాడించండి, పరీక్ష చేసుకోవాలి అన్నాను. అబద్ధం కాదు, నిజమూ పూర్తిగా కాదు.

పాపం ఆయన కొడుకుని పిలిచారు. "ఒరే చిన్నోడా, విజయవాడ అమ్మగారు వినాలంట. కాసేపు మాట్లాడరా."

"ఏం మాట్లాడమంటావు నాన్నా?" అని కాస్త తడబాటు. ఆ తర్వాత, "గాలి బాగానే ఉంది. అలలు లేస్తన్నాయి. ఏం భయం లేదు. అమ్మకి చెప్పు, అన్నం తినేశాం."

ఆ గొంతు అలలు లేస్తున్నాయి అంటుండగా నేను ఏరియల్ తిప్పుతున్నాను. సముద్రం నాకు ఎడమ పక్కన ఉంది. గొంతు ఎడమ పక్క దిక్కులో ఆగలేదు. ఎదురుగా, నేల మీద, తాటిచెట్ల అవతల కనిపిస్తున్న ఊరి దిక్కులో ఆగింది. టెక్నీషియన్ రెండో గీత గీశాడు. రెండు గీతలూ ఆ ఊళ్ళోనే కలిశాయి. అతను స్కేలు సరిగ్గా పెట్టలేదనుకున్నాడేమో, చెరిపేసి మళ్ళీ గీశాడు. అక్కడే కలిశాయి.

"మరియమ్మ తల్లీ!" అన్నాను. టెక్నీషియన్ ఏం కాదు మేడమ్ అనలేదు. ఆ మాట అతని నోట రాకపోవడం ఎప్పుడూ చూడలేదు నేను. అప్పుడింకా భయం వేసింది.

ఊళ్ళో ప్రతి ఇంటి మీదా టీవీ ఏరియల్ ఉంది. వాటి మధ్య ఒక వెదురు బొంగుకి కట్టిన సన్నటి కడ్డీని టెక్నీషియన్ దూరం నుంచే గుర్తుపట్టాడు. అది బోటుకి ఉండాల్సిన ఏరియల్. ఆ ఇంటి ముందు కోళ్ళు గాలికి బెదిరి గంప చుట్టూ తిరుగుతున్నాయి. తలుపు తీసే ఉంది. తలుపు కొట్టాలన్న మర్యాద కూడా గుర్తు రాలేదు నాకు, తిన్నగా లోపలికెళ్ళిపోయాను.

బియ్యం డ్రమ్ము మీద సెట్టు ఉంది. ఉప్పుగాలి తగలకుండా కింద పాలిథిన్ కాయితం, పైన కుట్టిన గుడ్డ, మధ్యలో కుంకుమ బొట్టు, ఒక బంతిపువ్వు. పక్కన ట్రాక్టరు బ్యాటరీ. మైకు పట్టుకుని ఒక కుర్రమనిషి కూర్చున్నాడు. చొక్కా లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను అతన్ని అంతకు ముందు చూడలేదు. కానీ ఆ మొహం ముందురోజు నాకు చేప పులుసు పెట్టిన తల్లి మొహమే.

"నువ్వు పెద్దకొడుకువి కదూ?"

"అవునండి."

"మరి పదిహేడో బోటు ఎక్కడుందయ్యా?"

అతను మైకుని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"నిన్నే! బోటెక్కడుంది?" అని కేక పెట్టాను. ఆ కేకకి లోపలి గదిలోంచి అతని భార్య పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు చెప్పాడు. బోటు మీద పెడితే ఉప్పునీళ్ళు తగిలి సెట్టు పాడవుతుందట. రేవులో రాత్రిపూట ఎవడైనా ఎత్తుకెళ్ళినా, పాడైనా సర్కారు మళ్ళీ ఇవ్వదట. అందుకని ఇంట్లో భద్రంగా పెట్టుకున్నారు. సముద్రంలో ఉన్న బోటుకి సెట్టు లేదు. మూడు రోజులు హాజరు పలక్కపోతే పట్టుకుపోతారని రూలొచ్చింది కదా, అందుకని వేటకి వెళ్ళిన వాళ్ళ తరఫున ఇంట్లో వాళ్ళు రోజూ పలుకుతున్నారు. అన్నదమ్ముల గొంతులు ఒకటే కాబట్టి తండ్రి కూడా పోల్చుకోలేకపోయాడు.

"రోజూ అంటే సరే. ఈ రోజు కూడానా? ఇంత గాలిలో కూడానా?" అని విరుచుకుపడ్డాను.

"వాళ్ళ దగ్గర ట్రాన్సిస్టర్ ఉందండి. వాన కబురు వినే ఉంటారు, బయల్దేరే ఉంటారు అనుకున్నానండి. ఇప్పుడు సెట్టు బోటు మీద లేదని చెబితే అందరి ముందూ నాన్న ఉద్యోగం పోద్దండి. గొంతులన్నీ తెలుసని మీ అందరికీ మాటిచ్చాడు గదండి..." అని ఆగిపోయాడు.

నేను అక్కడున్న నులక మంచం మీద కూలబడ్డాను. ఈ మనిషిని కొట్టాలా, ఓదార్చాలా తెలియలేదు. ఉద్యోగం అంతా దొంగ పేర్లు పెట్టుకున్నవాళ్ళని పట్టుకున్నాను నేను. లాభం కోసం పెట్టుకున్నవాళ్ళనే చూశాను. సెట్టుకి బొట్టుపెట్టి పూజించే వాళ్ళు, తండ్రి పరువు కోసం తమ్ముడి గొంతు తెచ్చుకున్న వాళ్ళు ఉంటారని ఎవరు ఊహిస్తారు? అవతల ఓడ ఉత్తరానికి వెళ్ళిపోతోంది. ఆరుగురు మనుషులు ఎక్కడో నీళ్ళ మీద ఉన్నారు. వాళ్ళు క్షేమమని మేమే చెప్పాం.

మైకు అతని చేతిలోనే ఉంది. "నువ్వే చెప్పు. ఇప్పుడే చెప్పు" అన్నాను.

అతను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మీట నొక్కాడు, వదిలేశాడు. మళ్ళీ నొక్కాడు.

"నాన్నా. నేను... పెద్దోణ్ణి. ఇంట్లో నుంచి మాట్లాడతన్నాను. తమ్ముడు సెట్టు తీసుకెళ్ళలేదు నాన్నా. వాడు ఎక్కడున్నాడో నాకు తెలవదు."

రేవు గదిలో ఆ లౌడ్‌స్పీకరు ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో నేను చూసే వచ్చాను. వాళ్ళందరూ ఇది విన్నారు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, ఎవరో తెలియదు, సెట్టులో వినిపించింది.

"తొమ్మిదో బోటండీ... మేమూ ఇంట్లోనే ఉన్నామండీ, పొద్దున పలికింది మా మరిదండీ. మా ఆయన వాళ్ళు సముద్రంలో ఉన్నారు."

దాని వెనకే ఒక ముసలాయన. "ఇరవై రెండు. మా సెట్టూ ఇంట్లోనే ఉందయ్యా."

ఆ వెనక ఇంకొకరు. నేను మంచం మీంచి లేచి సెట్టు దగ్గరికి వెళ్ళాను. ఒక్కో గొంతూ వస్తూనే ఉంది, బోటు అప్పటికే ఒడ్డుకి చేరినవాళ్ళు కూడా మా సెట్టూ ఇంట్లోనే అంటున్నారు. పొద్దున నా చెవులతో విని, బ్రహ్మాండంగా పలుకుతోంది అని రాసుకున్న సెట్లే అవి. టెక్నీషియన్ గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు. ఈ పథకం గొప్పగా నడుస్తోందని నివేదిక రాయడానికి వచ్చాం మేము. నవ్వాలో ఏడవాలో చెప్పండి.

అప్పుడు ఆపరేటర్ గారి గొంతు వచ్చింది. తండ్రి గొంతు కాదు. చాలా నెమ్మదిగా, చాలా స్పష్టంగా, గస్తీ ఓడని పిలిచారు. "పొద్దున చెప్పింది తప్పు. మా బోట్లు నాలుగు సముద్రంలో ఉన్నాయి. వాటికి సెట్లు లేవు. ఎక్కడున్నాయో తెలియదు. తొమ్మిది, పదిహేడు..." అని చెప్పుకుంటూ వెళ్ళారు. పదిహేడు దగ్గర ఆయన ఆగలేదు. కొడుకు నంబరుని మిగతా నంబర్లలాగే చదివేశారు. అది విని ఈ పెద్దవాడు డ్రమ్ము మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు.

ఓడ వెనక్కి తిరిగింది. అప్పటికే మధ్యాహ్నం దాటిపోయింది.

మేం రేవుకి తిరిగొచ్చాక విజయవాడ నుంచి సారు ఆ గదికి ఫోను చేశారు. అంతా సవ్యంగా ఉందా, సెట్లు పనిచేస్తున్నాయా అని అడిగారు. "దివ్యంగా పనిచేస్తున్నాయి సార్, అందరి ఇళ్ళల్లోనూ" అన్నాను. ఆయనకి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక, ఇది పైవాళ్ళకి ఇప్పుడే చెప్పకండి అన్నారు. గాలిలో చెప్పేశాం సార్, బంగాళాఖాతం మొత్తం విన్నది అని ఫోను పెట్టేశాను. మూడో ప్రమోషన్ కూడా ఆలస్యమవడానికి కారణం మీకు తెలిసిపోయింది.

ఆ తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నా కథ వాటితో ముగియదు. మూడు రోజుల రూలు తీసేశారు. సెట్లని బోటు చెక్కకి బిగించి సీలు వేయమన్నారు, పాడైతే వేరేది ఉచితంగా ఇస్తామన్నారు. రోజూ పిలిచేటప్పుడు ఒడ్డున రెండు చోట్ల నుంచి దిక్కు చూసే ఏర్పాటు చేశారు, పలికిన బోటు నిజంగా నీళ్ళ మీదే ఉందని తేలాకే హాజరు. ఇదంతా నా సలహా అని సారు ఎక్కడా చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్దకొడుకు మీద కేసు పెట్టాలని ఒకరిద్దరు అన్నారు. పెడితే ఊరందరి మీదా పెట్టాలి, రూలు పెట్టిన వాళ్ళ మీద కూడా పెట్టాలి అన్నాను. ఎవరూ పెట్టలేదు. ఆపరేటర్ గారు మాత్రం నెల తిరక్కుండా ఆ పని మానేశారు. గొంతులు వినడం ఇక నావల్ల కాదమ్మా అన్నారు.

ఇక ఆ మర్నాటి ఉదయం.

తుపాను మమ్మల్ని పక్కగా రాసుకుంటూ పైకి వెళ్ళిపోయింది. గాలి తగ్గింది, నీళ్ళు మాత్రం బురద రంగులో పొర్లుతున్నాయి. సెట్లు లేని నాలుగు బోట్లలో మూడు వాటంతట అవే ఎక్కడెక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, మనుషులు భద్రం. పదిహేడు బోల్తా పడి కనిపించిందనీ, దాని అడుగు భాగాన్ని పట్టుకుని ఉన్నవాళ్ళని ఓడ ఎక్కించుకుందనీ కబురొచ్చింది. ఎంతమందో, ఎవరెవరో చెప్పలేదు. రేవంతా ఒడ్డుకి చేరింది. నేనూ, టెక్నీషియనూ నిలబడ్డాం. ఆపరేటర్ గారు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నారు. పెద్దకొడుకు అందరికీ వెనకాల, ఒడ్డుకి లాగిన ఒక బోటు నీడలో ఉన్నాడు.

ఓడ దూరంగా ఆగి చిన్న పడవ దించింది. అది ఇటు వస్తుండగా దాంట్లోంచి ఒక కేక వచ్చింది. "నాన్నా!"

ఒడ్డున అందరూ ఒక్కసారి అరిచారు, చిన్నోడే, చిన్నోడే అని. ఆపరేటర్ గారి భార్య చీర తడుస్తున్నా నీళ్ళలోకి దిగింది. ఆయన మాత్రం కదల్లేదు.

"మీ అబ్బాయేనండీ" అన్నాను.

"చేతికి అందనీ అమ్మా" అన్నారాయన.

పడవ దగ్గరకు వచ్చింది. నీళ్ళలో దిగిన వాణ్ణి ఆయన మొహం తడిమి, భుజాలు తడిమి, చేతులు తడిమి, అప్పుడు గుండెకి హత్తుకున్నారు. నేను అంత పెద్ద మనిషి అలా వెక్కి వెక్కి ఏడవడం చూడలేదు. నా కళ్ళూ ఆగలేదు. టెక్నీషియన్ పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పడవలోంచి దిగినవాళ్ళు ఐదుగురు. వేటకు వెళ్ళినవాళ్ళు ఆరుగురు.

అది నేను చూసేసరికే ఐదుగురిలో ఒకడు ఇసకలో కూర్చుని చెబుతున్నాడు. ఒక ఖలాసీకి, అంటే బోటు మీద వలలాగే కుర్రాడికి, పట్టు జారిందట. "నిన్న చీకటి పడేదాకా మాతోనే ఉన్నాడండి. ఓడ వత్తాది, ఓడ వత్తాది అనుకుంటా ఉన్నాం. కనపడలా. పొద్దుగూకాక చెయ్యి ఒదిలేశాడు."

నిన్న పొద్దున ఓడ ఇటే ఉంది. నా పక్కన టెక్నీషియన్ వేళ్ళు మడిచి గంటలు లెక్కపెట్టాడు. ఎవరి లెక్కలు వాళ్ళకి అర్థమవుతున్నాయి.

ఆ కుర్రాడి పెళ్ళాం అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చంకలో పసిపిల్ల. జనం ఆమెకి దారిచ్చారు గానీ ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. ఇసకలో కూర్చున్నవాడు చెప్పింది ఆమె వినలేదో, విన్నా లోపలికి తీసుకోలేదో తెలియదు. దిగిన ఐదుగురినీ ఒక్కొక్కరినే చూసింది. ఖాళీ పడవలోకి తొంగి చూసింది. తర్వాత జనంలోంచి నడుచుకుంటూ వెనక్కి, లాగిన బోటు నీడ దగ్గరికి వెళ్ళింది. ముందురోజు పగలంతా ఆమె గది దగ్గర లేదట, పిల్లకి జ్వరమని ఇంట్లో ఉండిపోయిందట. పదిహేడు నుంచి మాటలు వచ్చాయనీ, పెద్దకొడుకే మాట్లాడాడనీ ఎవరో సగం సగం చెప్పారు. బోటు మీద వాళ్ళతో అతను మాట్లాడాడని ఆమె అర్థం చేసుకుంది.

అతని ఎదురుగా నిలబడి, పిల్లని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, మామూలుగా, ఊళ్ళో పలకరించినట్టే అడిగింది.

"అన్నా, నిన్న నువ్వు బోటు వాళ్ళతో మాట్లాడావంట గదా. మా ఆయన ఏమన్నాడు?"

అతను నేల చూస్తున్నాడు.

"చెప్పన్నా" అంది.